బ్రిటన్ రాజుకి జనం డబ్బు: లెక్క ఎక్కడ తేడా కొడుతోంది

ఏటా వేసవిలో బకింగ్‌హామ్ ప్యాలెస్ తన ఖర్చుల లెక్క బయటపెడుతుంది. ఆ రోజు బ్రిటన్‌లో టీవీల్లో, పేపర్లలో ఒకే గొడవ నడుస్తుంది. ఒక వైపువాళ్లు మొత్తం అంకె చెప్పి ఇంత డబ్బా అంటారు, రెండో వైపువాళ్లు దాన్నే జనాభాతో భాగించి తలకి రెండు పౌండ్లు కూడా పడట్లేదు, దీనికింత రాద్ధాంతం ఎందుకు అంటారు. 2025–26కి ప్రభుత్వం రాజుకి ఇచ్చే సావరిన్ గ్రాంట్ 13.21 కోట్ల పౌండ్లు, జనాభా దాదాపు ఏడు కోట్లు, కాబట్టి భాగహారం తప్పేమీ కాదు. కాకపోతే ఏ ఖర్చునైనా ఏడు కోట్లతో భాగిస్తే చిన్నగానే కనిపిస్తుంది. పైగా వాళ్లు భాగిస్తున్నది పూర్తి అంకె కాదు.

నిజానికి ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. పుట్టుకతో ఒక మనిషికి దేశాధినేత పదవి ఇచ్చి, ఆ కుటుంబాన్ని ప్రజాధనంతో పోషించడం న్యాయమేనా అన్నది ఒకటి. పెట్టిన డబ్బుకి తగిన ఫలితం వస్తోందా అన్నది ఇంకొకటి. ఈ గొడవ ఎప్పటికీ తెగకపోవడానికి కారణం, మొదటి ప్రశ్న అడిగితే రెండోదానికి జవాబు చెప్పడం, రెండోది అడిగితే మొదటిదానికి జవాబు చెప్పడం. న్యాయమేనా అంటే టూరిస్టుల లెక్క చెబుతారు. ఖర్చెంత అంటే సంప్రదాయం గురించి మాట్లాడతారు. విడివిడిగా చూస్తేనే ఎక్కడ ఏముందో తెలుస్తుంది.

ముందు డబ్బు సంగతి. రాజరికాన్ని సమర్థించేవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా చెప్పే మాట: అసలు జనం రాజుకి ఇవ్వడం లేదు, రాజే జనానికి ఇస్తున్నాడు, క్రౌన్ ఎస్టేట్ (రాజు పదవి పేరు మీదున్న భూములు, భవనాలు) లాభమంతా ఖజానాకి కట్టి అందులో కొంచెం మాత్రం వెనక్కి తీసుకుంటున్నాడు. వినడానికి బాగుంటుంది, కానీ ఆ ఎస్టేట్ ఎవరిదో చూడాలి. 1760లో మూడో జార్జ్ గద్దెనెక్కినప్పుడు రాజభూముల ఆదాయాన్ని పార్లమెంటుకి వదిలేసి, బదులుగా ఏటా ఇంత అని భరణం తీసుకోవడానికి ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో జడ్జీల జీతాలు, రాయబారుల ఖర్చులు, పరిపాలన యంత్రాంగం చాలావరకు రాజు ఆదాయంలోంచే నడవాలి. ఆ ఆదాయం సరిపోయేది కాదు. భూములతో పాటు ఆ బరువు కూడా క్రమంగా రాజు మీంచి దిగింది. కాబట్టి అది దానం కాదు, ఇచ్చిపుచ్చుకోవడం. ఇంకో సంగతి, ఆ భూములు జార్జ్ అనే మనిషి కొనుక్కున్నవి కావు, తాత సంపాదించి పెట్టినవీ కావు. అవి రాజు అనే పదవికి చెందినవి. ప్రధాని డౌనింగ్ స్ట్రీట్ ఇంట్లో ఉన్నంత మాత్రాన ఆ ఇల్లు ప్రధానిది అయిపోనట్టే ఇదీ. ఈరోజు క్రౌన్ ఎస్టేట్ కింద లండన్‌లో రీజెంట్ స్ట్రీట్ ఉంది, ఆస్కాట్ రేస్‌కోర్సు ఉంది, ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ తీరాల నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు సముద్రగర్భం ఉంది. సముద్రం అడుగు ఒక కుటుంబపు సొంత ఆస్తి అని గట్టిగా వాదించేవాళ్లు ఎవరూ ఉండరు. రేపు రాజరికం రద్దయితే ఇవన్నీ దేశానికే మిగులుతాయి. కాబట్టి "రాజు ఇస్తున్నాడు" అనే మాటలో సొమ్మొకడిది, పేరొకడిది.

ఆ సముద్రగర్భం దగ్గరే కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ మధ్య జరిగిన అసలు వింత అక్కడిదే. 2011లో చేసిన చట్టం ప్రకారం రాజుకిచ్చే గ్రాంటు, రెండేళ్ల కిందట క్రౌన్ ఎస్టేట్‌కి వచ్చిన లాభంలో 15 శాతం. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో కరెంటు వైర్లు, నీళ్ల పైపులు, బాయిలర్లు 1950ల నాటివి, వాటిని మార్చకపోతే ఏ రోజైనా అంటుకుంటుందన్న భయంతో పదేళ్లలో 36.9 కోట్ల పౌండ్ల మరమ్మతు పని పెట్టుకున్నారు, దానికోసం 2017–18 నుంచి ఆ వాటాని 25 శాతం చేశారు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు, అది దేశం భవనం, ఎవరున్నా బాగు చేయాల్సిందే. తర్వాత సముద్రంలో గాలిమరలు పెట్టుకునే కంపెనీలు సముద్రగర్భాన్ని తమ పేరు మీద అట్టిపెట్టుకోవడానికి భారీగా ఫీజులు కట్టడం మొదలుపెట్టాయి. 2022–23లో 44.26 కోట్ల పౌండ్లున్న క్రౌన్ ఎస్టేట్ లాభం ఒక్క ఏడాదిలో 110 కోట్లకి ఎగిరింది. ఇలా పెరుగుతుందని ముందే ఊహించి ప్రభుత్వం 2023లోనే శాతాన్ని 12కి తగ్గించింది, అయినా గ్రాంటు 8.63 కోట్ల నుంచి 13.21 కోట్లకి పెరిగింది. పెరిగిందంతా ప్యాలెస్ పని పూర్తి చేయడానికేనని ప్రభుత్వం చెబుతుంది, అది నిజమే కావచ్చు. కానీ పని ఎంత మిగిలింది, ఎంత కావాలి అని లెక్కేసి ఇచ్చిన డబ్బు కాదది. సముద్రం మీద గాలి వ్యాపారం బాగుంటే ఎక్కువ, బాగోకపోతే తక్కువ. ఈ "తక్కువ" అన్నది కూడా మాట వరసకే, ఎందుకంటే గ్రాంటు ముందు ఏడాది కంటే తగ్గకూడదని అదే చట్టంలో ఉంది. పెరగడానికి దారి ఉంది, తగ్గడానికి లేదు. స్కూళ్లకి గానీ, కోర్టులకి గానీ, ఆసుపత్రులకి గానీ ఆ దేశంలో ఇలాంటి ఏర్పాటు లేదు. వాళ్లు ప్రతిసారీ ఆర్థికశాఖ ముందు నిలబడి ఎందుకు కావాలో చెప్పుకోవాలి.

ఇక లెక్కలో కనపడనివి. అన్నిటికంటే పెద్దది భద్రత, అది గ్రాంటులో లేదు, ఎంతో ప్రభుత్వం చెప్పదు. ఎవరికి ఎంతమంది కాపలా అన్నది దాచడంలో అర్థముంది. మొత్తం ఖర్చు ఒక్క అంకెగా చెబితే ఏ దుండగుడికి ఏం ఉపయోగమో మాత్రం అర్థం కాదు. పెద్ద వేడుకల ఖర్చూ విడిగానే పోతుంది: 2023 మే నెలలో జరిగిన మూడో చార్లెస్ పట్టాభిషేకానికి ప్రభుత్వానికి 7.2 కోట్ల పౌండ్లయింది, అంతకుముందు ఎలిజబెత్ రాణి అంత్యక్రియలకి, వాటి చుట్టూ ఏర్పాట్లకి దాదాపు 16.2 కోట్లయింది. 70 ఏళ్లు ఆ పదవిలో ఉన్న మనిషిని సాగనంపడానికి లక్షల మంది వచ్చారు, వాళ్లకి బందోబస్తు పెట్టాలి, దాన్ని దుబారా అనడం సబబు కాదు. రాజరికం వద్దనే రిపబ్లిక్ అనే సంస్థ ఇవన్నీ కలిపి, డచీల ఆదాయాన్ని కూడా చేర్చి, ఏటా 51 కోట్ల పౌండ్లని 2024లో అంచనా కట్టింది. ఆ అంచనాతో ప్యాలెస్ ఒప్పుకోదు. అందులో కొన్ని అంశాల మీద వాదించుకోవచ్చు కూడా. కానీ అధికారిక లెక్క పూర్తిగా ఉంటే ఒక ఉద్యమ సంస్థ అంచనా మీద ఆధారపడాల్సిన అవసరమే ఉండదు.

ఇప్పుడు అనుకున్న డచీలు అంటే రెండు పెద్ద జమీలు. లాంకాస్టర్ డచీ ఆదాయం రాజుది, కార్న్‌వాల్ డచీ ఆదాయం యువరాజుది. 2023–24లో మొదటిది 2.74 కోట్ల పౌండ్లు, రెండోది 2.36 కోట్ల పౌండ్లు మిగిల్చాయి. ఈ డబ్బు గ్రాంటుకి అదనం, "సొంత ఆదాయం" కింద లెక్క. సొంతం అంటే మామూలు సొంతం కూడా కాదు, ఈ డచీలకి కార్పొరేషన్ ట్యాక్స్ లేదు, ఆస్తి అమ్మితే వచ్చే లాభం మీద పన్ను లేదు. 14వ శతాబ్దం నుంచి వస్తున్న ఈ ఏర్పాటు ఎంత విచిత్రంగా ఉందో రెండు ఉదాహరణలు చూస్తే చాలు. డార్ట్‌మూర్ జైలు కార్న్‌వాల్ డచీ నేల మీద ఉంది, దానికి ప్రభుత్వం ఏటా 15 లక్షల పౌండ్లు అద్దె కడుతుంది. రేడాన్ అనే ప్రమాదకరమైన వాయువు ఎక్కువగా ఉందని తేలి 2024లో ఖైదీలందరినీ ఖాళీ చేయించినా ఆ లీజు మాత్రం అలాగే ఉంది. అంటే జనం పన్నుల్లోంచి, ఎవరూ లేని జైలుకి, యువరాజుకి అద్దె. రెండోది ఇంకా మనసుకి తగిలేది. ఇంగ్లండ్‌లో ఎవరైనా వీలునామా రాయకుండా, నా అన్నవాళ్లు లేకుండా చనిపోతే వాళ్ల ఆస్తి ఖజానాకి పోతుంది. కానీ ఆ మనిషి లాంకాస్టర్ డచీ పాత పరిధిలో, అంటే లాంకషైర్ చుట్టుపక్కల ప్రాంతాల్లో చనిపోతే అది డచీకి చేరుతుంది, కార్న్‌వాల్‌లో అయితే కార్న్‌వాల్ డచీకి. ఈ డబ్బు ఖర్చులు పోను ధర్మకార్యాలకి వెళ్తుందని డచీలు చెబుతాయి. లాంకాస్టర్ విషయంలో అందులో కొంత డచీ సొంత ఇళ్ల మరమ్మతులకి వాడుతున్నారని 2023లో గార్డియన్ పత్రిక బయటపెట్టింది. మొత్తం ఎంతన్నది పక్కన పెడదాం. జీవితమంతా ఫ్యాక్టరీలో పనిచేసి ఒంటరిగా పోయిన ఒక ముసలాయన దాచుకున్న నాలుగు డబ్బులు రాజుగారి ఎస్టేటుకి చేరడం అనే ఆలోచనలోనే ఏదో తప్పు ఉంది. ఈ కాలంలో ఎవరైనా కొత్తగా చట్టం రాస్తే ఇలా రాయరు, రాయలేరు.

పన్నుల సంగతీ ఇంతే. 1992 నవంబరులో విండ్సర్ కోటలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. మరమ్మతులకి డబ్బు ప్రభుత్వమే పెడుతుందనగానే, పన్ను కట్టని రాణికి మేమెందుకు కట్టాలని జనం గట్టిగా అడ్డం తిరిగారు. ఆ ఒత్తిడికే మరుసటి ఏడాది నుంచి రాణి ఆదాయపు పన్ను కట్టడం మొదలుపెట్టింది, బకింగ్‌హామ్ ప్యాలెస్‌ని వేసవిలో టికెట్ పెట్టి జనానికి తెరిచారు, విండ్సర్‌కి అయిన 3.65 కోట్ల పౌండ్లలో ఎక్కువ భాగం అలా వచ్చిన డబ్బుతోనే సర్దారు. జనం అడిగితే మారదు అనేవాళ్లు ఈ ఉదంతం గుర్తుపెట్టుకోవాలి. కాకపోతే ఆ పన్ను ఇప్పటికీ ఇష్టపూర్వకంగా కట్టేదే, చట్టం ప్రకారం కట్టి తీరాల్సింది కాదు. యువరాజు విలియం తను ఎంత పన్ను కట్టాడో 2024లో చెప్పలేదు, ఆయన తండ్రి యువరాజుగా ఉన్నప్పుడు చెప్పేవాడు. రాజు చనిపోయి ఆస్తి తర్వాతి రాజుకి వెళ్తే వారసత్వ పన్ను లేదు. అదే మిగతావాళ్లకి ఒక పరిమితి దాటాక 40 శాతం. రాజు వ్యాపారం చేసి సంపాదించుకోలేడు కదా, ప్రతి తరంలో 40 శాతం పోతే ఏం మిగులుతుంది అన్నది ఈ మినహాయింపుకి చెప్పే కారణం. కిరీటానికీ, ప్యాలెస్‌కీ అది సరే. కానీ బాల్మోరల్, సాండ్రింగ్‌హామ్ లాంటివి కుటుంబం సొంత ఆస్తులని వాళ్లే చెబుతారు, ఎనిమిదో ఎడ్వర్డ్ 1936లో గద్దె దిగినప్పుడు అవి తనవేనని తమ్ముడికి అమ్మాడు కూడా. సొంత ఆస్తి అయితే అందరి పన్నూ పడాలి, పదవి ఆస్తి అయితే జనానిది కావాలి. రెండింటిలో ఎప్పుడు ఏది లాభమైతే అది కుదరదు.

ఇంత పెట్టినా బోలెడు తిరిగొస్తుంది కదా, టూరిజం లేదా అంటారు. ఈ వాదన మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు. టవర్ ఆఫ్ లండన్‌లో రాజులు కాపురం మానేసి శతాబ్దాలైంది, అయినా ఏటా పాతిక లక్షల మందికి పైగా చూస్తారు. ఫ్రాన్స్‌లో చివరి రాజు గద్దె దిగి ఒకటిన్నర శతాబ్దం దాటింది, వెర్సాయ్‌కి ఏటా 70 లక్షల మందికి పైగా వస్తున్నారు. జనం చూడ్డానికి వచ్చేది కోటల్నీ చరిత్రనీ, లోపల ఎవరో నిద్రపోతున్నారని కాదు.

రాజరికానికి అనుకూలంగా నిజంగా బలమైన వాదన వేరే ఉంది. దేశానికి ఏ పార్టీకీ చెందని మనిషి ఒకడు పైన ఉండాలి, ఎన్నికల్లో గెలవక్కర్లేని వాడు కాబట్టి ఎవరికీ బాకీ పడడు, దేశం కష్టంలో పడినప్పుడు అడ్డం నిలబడతాడు, ఇది ఒక రకం ఇన్సూరెన్స్ అని. ఈ మాటని తేలిగ్గా తీసేయకూడదు. 1940లో జర్మన్లు నార్వేని ఆక్రమించి, తమ మనిషి క్విస్లింగ్‌ని ప్రధానిగా నియమించమన్నప్పుడు రాజు ఏడో హాకన్ నియమించనన్నాడు, మంత్రులకి వేరే దారి తోస్తే తను గద్దె దిగిపోతానని చెప్పాడు. ఆ ఒక్క మాట ఆ దేశం పోరాటానికి వెన్నెముకయ్యింది. 1981 ఫిబ్రవరి 23న స్పెయిన్ పార్లమెంటులోకి తుపాకులతో సివిల్ గార్డ్ అనే సాయుధ పోలీసులు చొరబడినప్పుడు, రాజు హువాన్ కార్లోస్ అర్ధరాత్రి దాటాక యూనిఫామ్‌లో టీవీలో కనిపించి ఈ తిరుగుబాటుని ఒప్పుకోనని చెప్పాడు, మర్నాడు మధ్యాహ్నానికి అది చతికిలపడింది. ఆ రాత్రి ఆయన లేకపోతే స్పెయిన్ ప్రజాస్వామ్యం ఏమయ్యేదో.

అయితే ఇదే పుస్తకంలో ఇంకో పేజీ ఉంది. 1922 అక్టోబరులో ముస్సోలినీ మనుషులు రోమ్ మీదికి వస్తుంటే ఇటలీ ప్రధాని అత్యవసర పరిస్థితి ప్రకటించమని ఆర్డరు తెచ్చి రాజు ముందు పెట్టాడు. రాజు మూడో విక్టర్ ఇమ్మానుయేల్ సంతకం పెట్టలేదు. ముస్సోలినీని పిలిచి ప్రభుత్వం ఏర్పాటు చేయమన్నాడు. 1946లో ఇటలీ జనం ఓటేసి రాజరికాన్ని తీసేయడానికి ఆ సంతకం పెట్టకపోవడం పెద్ద కారణం. అంటే ఇన్సూరెన్స్ కట్టామనుకున్నది అవసరమైన రోజున పనిచేయొచ్చు, ఎదురు తిరగొచ్చు, ఆ రోజు గద్దె మీద ఎవరున్నారన్నదాన్ని బట్టి. ఆ ఎవరున్నారన్నది పుట్టుక తేలుస్తుంది. బ్రిటన్‌లో అయితే ఈ మధ్య ఒక చిన్న పరీక్ష జరిగింది. 2019లో ప్రధాని బోరిస్ జాన్సన్ పార్లమెంటుని ఐదు వారాలు మూసేయమని సలహా ఇచ్చాడు, రాణి ఆమోదించింది, సుప్రీంకోర్టులో 11 మంది జడ్జీలు ఏకగ్రీవంగా అది చెల్లదన్నారు. రాణిని తప్పు పట్టలేం, ప్రధాని సలహాని కాదనకూడదన్నదే అక్కడి ఆనవాయితీ. కానీ అడ్డం నిలబడింది కోర్టు. రాజు దేనికీ అడ్డు చెప్పకూడదన్నది రూలైనప్పుడు కష్టకాలంలో అడ్డం పడతాడని డబ్బు కట్టడంలో పొంతన కుదరదు.

మరి రాజుని తీసేస్తే డబ్బు మిగులుతుందా? రాజు వద్దనేవాళ్లు ఇక్కడ నిజాయితీగా ఉండాలి. ఎంతో కొంత మిగులుతుంది, మొత్తం మిగలదు. అధ్యక్షుడికీ ఇల్లు, సిబ్బంది, కాపలా, ప్రయాణాలు ఉంటాయి. నిజంగా అధికారం చేసే ఫ్రాన్స్ అధ్యక్షుడి కార్యాలయం 2023లో 12 కోట్ల యూరోలకి పైగా ఖర్చు పెట్టింది. పాత కోటల మరమ్మతు ఎలాగూ తప్పదు. ఐర్లండ్‌లో లాగా అధికారం లేని అధ్యక్షుడైతే బ్రిటన్ రాజుకయ్యే దానిలో చిన్న వాటాతో అయిపోతుంది. అయినా ఆ తేడా బ్రిటన్ బడ్జెట్‌లో ఎక్కడా కనపడదు. డబ్బు మిగులుతుందని మాత్రమే రాజరికం తీసేయాలనడం బలహీనమైన వాదన.

న్యాయం ప్రశ్న దగ్గర అలాంటి ఊగిసలాట లేదు. రాజు మీద పైసా ఖర్చు లేకపోయినా అది అలాగే ఉంటుంది. ఒక దేశంలో పుట్టే పిల్లల్లో ఒక్కరికి తప్ప ఇంకెవరికీ ఎప్పటికీ దక్కని ప్రభుత్వ పదవి ఒకటుంది. 2013 దాకా అక్క ఉన్నా తమ్ముడే రాజయ్యేవాడు. కాథలిక్ అయితే ఇప్పటికీ గద్దె ఎక్కకూడదు, 1701 నాటి చట్టం అలాగే ఉంది. అదే దేశంలో ఒక చిన్న ఆఫీసు మతం చూసి ఉద్యోగం ఇస్తే కేసవుతుంది. ఆ కుటుంబంలో పుట్టిన పిల్లాడి వైపు నుంచి చూసినా ఇది మంచి ఏర్పాటు కాదు. ఏం చదవాలో, ఏ నమ్మకం చెప్పుకోవాలో, రాజకీయాల గురించి నోరు విప్పాలో వద్దో ఉయ్యాలలో ఉండగానే తేలిపోతుంది, కెమెరాలు ఊరికే వదలవు.

జనం అడిగి మరీ పెట్టుకున్న రాజరికమూ ఉంది. 1905లో నార్వే స్వీడన్ నుంచి విడిపోయి డెన్మార్క్ యువరాజుని రాజుగా రమ్మంటే, ముందు జనాన్ని అడగండి, వాళ్లు ఒప్పుకుంటేనే వస్తానన్నాడు. రెఫరెండంలో దాదాపు 79 శాతం అవునన్నారు. ఆయనే పైన చెప్పిన హాకన్. ఆ ఓటు వేసినవాళ్లెవరూ ఇప్పుడు బతికి లేరు నిజమే, కానీ ఒకసారైనా అడిగారు. మిగతా చోట్ల కూడా రాజరికం కొంచెం కొంచెంగా బరువు తగ్గించుకుంటోంది. స్వీడన్ 1974 రాజ్యాంగంతో రాజుకి ప్రభుత్వంలో ఏ పాత్రా లేకుండా చేసింది, 2019లో అక్కడి రాజు ఐదుగురు మనవళ్లని, మనవరాళ్లని అధికారిక రాజకుటుంబం నుంచి తప్పించాడు. నెదర్లాండ్స్ యువరాణి అమాలియా 2021లో 18 ఏళ్లు నిండగానే తనకి రావాల్సిన దాదాపు 16 లక్షల యూరోల భత్యాన్ని, ఇంకా బాధ్యతలేవీ తీసుకోలేదు కాబట్టి వద్దంది. ఆ వయసులో ఆ మాట అన్నందుకు ఆమెని మెచ్చుకోవాల్సిందే. స్పెయిన్‌లో 1981 నాటి ఆ హీరోనే తర్వాత డబ్బు ఆరోపణల్లో ఇరుక్కుని 2020లో దేశం వదిలి అబుధాబి వెళ్లిపోయాడు, పన్ను బకాయిల కింద లక్షల యూరోలు కట్టాడు, ఆయన కొడుకు ఫెలిపే తండ్రి భత్యం ఆపేసి వారసత్వం కూడా వద్దన్నాడు. 2014లో గద్దె దిగేదాకా రాజుగా చేసిన దేనికీ ఆయన మీద కేసు పెట్టే వీలే లేదు, రాజ్యాంగం అలా రాసి ఉంది. దేశాన్ని కాపాడిన మనిషీ, లెక్క చెప్పని మనిషీ ఒక్కడే కావడం ఈ మొత్తం సమస్యకి అద్దం.

బ్రిటన్‌లో అసలు కష్టం ఇక్కడే: రాజు ఎంత తీసుకుంటున్నాడన్న దానికంటే, అడగడానికి దారులు మూసేసి ఉన్నాయి. రాజుతో, ఆయన తర్వాతి ఇద్దరు వారసులతో ప్రభుత్వం జరిపే ఉత్తరప్రత్యుత్తరాలకి సమాచార హక్కు చట్టం నుంచి పూర్తి మినహాయింపు ఉంది. చార్లెస్ యువరాజుగా మంత్రులకి రాసిన ఉత్తరాలు 2015లో బయటికొచ్చాయి, అదీ గార్డియన్ పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగితే. ఈలోపే 2011 నుంచి ఆ తలుపు మూసేశారు. రాజు సొంత ప్రయోజనాలని తాకే బిల్లుల మీద పార్లమెంటు చర్చించే ముందు ఆయన సమ్మతి తీసుకోవాలి, అంటే తన భూముల మీద రాబోయే చట్టాన్ని ముందే చూసే అవకాశం ఒక్క భూస్వామికి మాత్రం ఉంది. కుటుంబ పెద్దల వీలునామాలకి సీలు వేస్తారు, ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్ వీలునామాని 2021లో కోర్టు 90 ఏళ్లు మూసి ఉంచమంది. దిగువ సభలో సభ్యులు మామూలు చర్చల్లో రాజు ప్రవర్తనని తప్పు పట్టకూడదన్నది సభ నియమం.

ప్యాలెస్ మరమ్మతు పని 2027లో పూర్తి కావాలి. అది అయ్యాక ఇంత పెద్ద గ్రాంటు అవసరం ఉండదు, కానీ గ్రాంటు తగ్గకూడదన్న నియమం ఉంది కాబట్టి తగ్గించాలంటే చట్టాన్నే ముట్టుకోవాలి. ఆ బిల్లు సభ ముందుకొచ్చినప్పుడు గాలిమరల ఫీజులతో రాజు ఖర్చుకి లింకు తీసేసి ఏటా అవసరం చూసి ఓటేయమని అడగొచ్చు, రెండు డచీల ఆదాయం ఖజానాకి మళ్లించమని, భద్రతకి అయ్యే మొత్తం ఒక్క అంకెలో చెప్పమని అడగొచ్చు. విండ్సర్ కాలిన ఏడాది జనానికి ఇంత వివరం తెలియదు, అయినా వాళ్లు అడిగితే రాణి పన్ను కట్టింది.